కొండల మీద నాలుగు దినములు



కోతలు అయిన తరువాత సంఘమంతా కలిసి వెళ్ళదగిన చోటు ఏదైనా చెప్పండి, ఖర్చు మాత్రము తక్కువ కావలెను అని కొందరు ఈ శీర్షికకు వ్రాయుచున్నారు. విశ్వాసులకు విహారయాత్రలేమిటి అని మందలించిన పెద్దలూ ఉన్నారు. శిష్యులు అలసియున్నప్పుడు ప్రభువే వారిని జనసమ్మర్దము నుండి పక్కకు తీసికొనిపోయిన సంగతి మార్కు సువార్త 6వ అధ్యాయములో ఉన్నది. ఏడాది పొడుగునా పొలము, గేదెలు, పిల్లల ఫీజులు తప్ప మరొకటి ఎరుగని మన కుటుంబములకు నాలుగు దినములు కొండగాలి తగిలితే తప్పేమియు లేదు. కాబట్టి ఈ నెల అరకు లోయను గూర్చి వ్రాయుచున్నాము. చూడవలసినవి చెప్పెదము. అక్కడ మేము చేసిన తప్పు ఒకటి ఉన్నది, అదియు చెప్పెదము.

2023 జనవరి చివరి వారములో, నూర్పులు ముగిసిన పిమ్మట, పిల్లలతో కలిపి 34 మందిమి బయలుదేరాము. విశాఖపట్నము నుండి రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు, బస్సులు ఉన్నవి. అయినను మొదటిసారి వెళ్ళువారు ఉదయము విశాఖలో బయలుదేరు కిరండుల్ రైలులోనే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు కుడి వైపు కిటికీలు దొరికితే లోయలు బాగుగా కనబడును. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చి జపానుకు ఎగుమతి చేయుట కొరకు 1960లలో వేసిన మార్గము ఇది. మనుష్యుల కంటె రాయికే ఇక్కడ ముందు దారి. ఖనిజము నింపుకొన్న గూడ్సు బండి వచ్చుచున్నదంటే మన రైలు పక్కకు తప్పుకొని నిలబడవలసినదే. మార్గమంతటిలో 58 సొరంగములున్నవని చెప్పుదురు. మా సండేస్కూలు పిల్లలు వ్రేళ్ళ మీద లెక్కపెట్టుచు ముప్పది దగ్గర ఒకరితో ఒకరు పోట్లాడుకొని లెక్క తప్పారు. సొరంగము వచ్చినప్పుడెల్లను బోగీ అంతా కేకలు. మా సంఘపెద్ద ఒకరు, డెబ్బది దాటినవారు, మొదట పిల్లలను గద్దించి, మూడవ సొరంగము నుండి తానే కేక వేయసాగారు.

అరకునకు ముందు శిమిలిగూడ అను చిన్న స్టేషను వచ్చును. సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశములోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలో ఇదే ఎత్తైనదని పేరు. అక్కడ రైలు తలుపు దగ్గర నిలబడితే గాలిలోనే తేడా తెలియును. వర్షాకాలములో పట్టాల మీద బండరాళ్ళు, చెట్లు పడి రైళ్ళు ఆగిపోవుట కద్దు. ఆ నెలలలో వెళ్ళదలచినవారు ముందుగా విచారించుకొనవలెను.

మేము బస చేసినది అరకునకు కొంత దూరములో ఒక కొండ గ్రామపు ప్రార్థన మందిరములో. అక్కడి కాపరిగారికి ముందే ఉత్తరము వ్రాసి అనుమతి తీసికొన్నాము. అట్టి పరిచయము లేనివారికి అరకులో పర్యాటక శాఖవారి వసతులు, ప్రైవేటు లాడ్జీలు ఉన్నవి. ఎక్కడ ఉన్నను దుప్పట్లు తప్పక పట్టుకెళ్ళండి. జనవరి రాత్రులు పసిపిల్లలకు ఓర్చుకొనదగినవి కావు. దోమతెరలు కూడ అవసరము. ఏజెన్సీ మలేరియా మాటకు నవ్వవద్దు. తిరిగివచ్చిన తరువాత జ్వరము వస్తే, ఫలానా చోటికి వెళ్ళివచ్చామని వైద్యునితో చెప్పి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

పద్మాపురము తోటకు ఒక గంట చాలును. గిరిజన మ్యూజియము మాత్రము తీరికగా చూడండి. అక్కడి తిరగళ్ళు, చేపల బుట్టలు, విల్లంబులు, నగలు చూచి మా స్త్రీల సమాజమువారు కదలలేదు. "మా అమ్మమ్మ ఇంట్లోనూ ఇదే ఉండేది" అని ఒకరి తరువాత ఒకరు. వలిసె పూలు చూడగోరువారు నవంబరు, డిసెంబరులలో వెళ్ళండి. కొండవాలు పొలములన్నియు పసుపు పచ్చగా ఉండును. మేము వెళ్ళేసరికి పైరు కోసివేశారు.

బొర్రా గుహలకు శనివారము జీపులలో వెళ్ళాము. గుహ ముందర కోతులతో జాగ్రత్త. మా డీకను ఒకరి చేతిలోని పులిహోర పొట్లము, ఆయన ప్రార్థన చేయుచుండగానే, వెళ్ళిపోయినది. లోపల చూచినది చెప్పుట కష్టము. మెట్లు దిగి వెళ్ళేకొలది పైకప్పు పైపైకి పోవుచున్నట్లుండును. పైనుండి రాతి స్తంభములు వ్రేలాడుచున్నవి, క్రింద నుండి రాతి మొలకలు లేచుచున్నవి. ఇది సున్నపురాయి కొండ. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పులుపెక్కును. ఆ నీరు రాతిని కరిగించుకొనుచు పగుళ్ళగుండ దిగి, కప్పు నుండి బొట్టుగా వ్రేలాడినప్పుడు, కరిగిన సున్నములో రవ్వంత అక్కడనే విడిచిపోవును. బొట్టు మీద బొట్టు. అంగుళము పెరుగుటకే వందల ఏండ్లు పట్టును. మా కుర్రవాడొకడు ఒక మొనను పట్టుకొని విరచబోగా, మాకు దారి చూపుచున్న గిరిజన యువకుడు వాని చెయ్యి మెల్లగా తీసివేసి, "తమ్ముడూ, దీన్ని మా తాత ముట్టుకోలేదు, నేను ముట్టుకోలేదు" అన్నాడు. కేక వేయలేదు, తిట్టలేదు. గుహలో శివలింగముగా కొలుచుకొను చోటు ఒకటి ఉన్నది. శివరాత్రికి చుట్టుపట్ల జనము వచ్చెదరు. మన యౌవనస్థులు అక్కడ వాదములు పెట్టుకొనక, మౌనముగా దాటిరావలెనని ముందే చెప్పి తీసికొనివెళ్ళాము.

అనంతగిరి దారిలో కాఫీ తోటలు చూడండి. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే ప్రాకిన మిరియాల తీగలు. ఒక చెట్టు నీడ, ఒక చెట్టు పంట, ఒక తీగ అదనపు పంట. ఎకరమంతా ఒకే పైరు వేసి ఆకాశము వైపు చూచు మనకు ఇది పాఠమే. అడవిని నరికి కాల్చి చేయు పోడు వ్యవసాయమునకు బదులుగా ప్రభుత్వ సంస్థలు గిరిజన కుటుంబములచే ఈ తోటలు వేయించినవి. నాటిన మూడు నాలుగేండ్ల వరకు కాపు రాదు గనుక, అంతవరకు ఆ కుటుంబములు ఓపిక పట్టవలెను. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

ఆ తోటల మధ్య మా సహోదరుడొకరు, నాలుగు డబ్బులు ఉన్నవారు, "అయ్యగారూ, ఇక్కడ ఒక ఎకరం దొరికితే మన సంఘానికి విశ్రాంతి గృహం కట్టుకోవచ్చు గదా" అన్నారు. దొరకదు. 1970 నాటి 1వ నిబంధన, అందరూ 1/70 చట్టము అనునది, షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండ కట్టుదిట్టము చేసినది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు కూడ ఈ అనంతగిరి మండలపు గనుల లీజులను గూర్చినదే. ఆ సహోదరునికి నాబోతు ద్రాక్షతోట జ్ఞాపకము చేశాము. ఆయన నవ్వి ఊరకున్నారు గాని, ఆయన ఒక్కరే కాదు, అట్టి ఆలోచనతో కొండలెక్కువారు చాలమంది ఉన్నారు.

చాపరాయి దగ్గర నీరు పరుపు బండ మీద జారుచు పారును. చూచుటకు పిల్లల ఆటస్థలమువలె ఉండును. బండకు పట్టిన నాచు మీద కాలు నిలువదు. ఈ కొండలలోని వాగులలో, జలపాతములలో యాత్రికుల ప్రాణములు పోయిన సందర్భములు ఉన్నవి. మేము పెద్దవారిని ఇద్దరిని పైన, ఇద్దరిని క్రింద నిలబెట్టి, మోకాలు లోతు దాటకుండ పిల్లలను దింపాము. యౌవనస్థులు ముఖములు మాడ్చుకొన్నారు. మాడ్చుకొననిండు.

ఇక సంత సంగతి.

అరకులో శుక్రవారము వారపు సంత. కొండల మీది గ్రామముల నుండి స్త్రీలు బుట్టలు, మూటలు నెత్తిన పెట్టుకొని దిగుదురు. పసుపు, అల్లము, చింతపండు, చీపుళ్ళు, రాజ్మా గింజలు. మేము వెళ్ళేసరికి పొగమంచు పూర్తిగా విడలేదు. మా వారందరూ ఒక ముసలామె చుట్టూ మూగారు. ఆమె దగ్గర రాజ్మా మూట, కొలుచుటకు ఒక డబ్బా. డబ్బా 100 రూపాయలు అన్నది. తెలుగు ఆమెకు అంతంతమాత్రము, వ్రేళ్ళతో చూపినది. మావారు 60 అన్నారు. గింజ చిన్నదన్నారు, పుచ్చు ఉన్నదన్నారు, పక్క ఆమె 50కే ఇచ్చుచున్నదని ఒకరు అబద్ధము కూడ ఆడారు. ఇంటి దగ్గర ఒకరినొకరు వదినా, అక్కా అని పిలుచుకొను మా స్త్రీలు, తల్లి వయసున్న ఆమెను "ఏమే, ఇస్తావా ఇయ్యవా" అన్నారు. చివరకు 70కి తెగినది. ఆమె ప్రతి డబ్బాను రాశిగా పోసి, పైన కొసరుగా ఇంకొక గుప్పెడు వేసినది. పదహారు డబ్బాలు తీసికొన్నాము. మేము సంచి పట్టుకొని నిలబడియున్నాము. నోరు మెదపలేదు. లోలోపల సంతోషించితిమని కూడ ఒప్పుకొనవలెను, ఎందుకనగా మా పట్టణములో అవే గింజలు కిలో 150కి తక్కువ లేవు.

అందరికంటె గట్టిగా బేరమాడిన సహోదరుడు డిసెంబరులో మా ఉపవాస కూడికలో కన్నీళ్ళతో ప్రార్థన కోరినవాడే. ధాన్యములో తేమ ఉన్నదని చెప్పి బస్తాకు ఇన్ని కిలోలని తరుగు తీసివేశారట. "మన పంటకు ధర మనం చెప్పుకునే రోజు ఎప్పుడొస్తుంది అయ్యగారూ" అని ఆ దినము ఆయన అడిగారు. మేము ఆయన తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించాము.

ఆ రాత్రి మందిరము వసారాలో మంట దగ్గర కూర్చొన్నప్పుడు, ఆ గ్రామపు సంఘపెద్ద మా సంచిలో చెయ్యి పెట్టి గింజలు చూచి, మంచి గింజలు అన్నారు. ఎంతకు తీసికొన్నారని అడిగారు. మావారు గర్వముగానే చెప్పారు. ఆయన ఏమీ అనక లోపలికి వెళ్ళి తన కాటా తెచ్చి, మేము అదే డబ్బాతో తెచ్చిన ఒకరి వాటాను తూచారు. డబ్బాకు కిలో పావు పైన తూగినది.

"చీకటితోనే బయలుదేరి ఉంటాదయ్యగారూ," అన్నారాయన. "సరుకు మిగిలిపోతే మళ్ళీ నెత్తిన పెట్టుకొని కొండెక్కాల. అందుకే పొద్దెక్కేకొద్దీ ఎంతంటే అంతకి ఇచ్చేస్తారు. మాది కూడా అంతే." అంతే చెప్పి కాటా తీసికొనిపోయారు. కొనువాడు సరుకు బాగులేదని చెప్పి, అవతలికి పోయిన తరువాత గొప్పలు చెప్పుకొను సంగతి సామెతల గ్రంథము 20వ అధ్యాయములో ఎన్నిసార్లు చదివామో! అది వర్తకులను గూర్చి వ్రాయబడినదనుకొన్నాము.

ఆదివారము ఆరాధనలో మేము వాక్యము చెప్పవలసియున్నది. అక్కడి వారిలో కువి మాటలాడువారు ఉన్నారు, ఆదివాసీ ఒడియా మాటలాడువారు ఉన్నారు, పిల్లలకు తెలుగు బాగా వచ్చును. ఒక యువకుడు మా ప్రతి మాటను తర్జుమా చేశాడు. కొండలను గూర్చిన 121వ కీర్తన సిద్ధపరచుకొని వెళ్ళాము. మాట మాటకు ఆగవలసివచ్చినందున, చెప్పినది మా చెవులకే తిరిగి వినబడుచున్నట్లుండెను. ప్రసంగము పది నిమిషములలో ముగించాము. ఆరాధన అయిన తరువాత వారు మాకు రాగి అంబలి, కోడికూర పెట్టారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకొనలేదు.

తిరుగు బస్సులో ఆ ధాన్యపు సహోదరుడే లేచి, డబ్బాకు ముప్పది చొప్పున లెక్క కట్టి, తన టోపీ పట్టుకొని అందరి దగ్గరకు వచ్చారు. 480 రూపాయలు. మా ఇల్లాలు దానిని కవరులో పెట్టి బీరువాలో ఉంచినది. మరుసటి జనవరిలో మరల శుక్రవారమే సంతకు వెళ్ళాము. రెండు గంటలు తిరిగాము. ఆమె ఎట్లుండునని ఒకరినొకరు అడిగితే, ముక్కుకు ముక్కుపుడకలు ఉన్నవని ఒకరు, పచ్చచీర అని ఒకరు. సంతలో సగము మంది అట్లే ఉన్నారు. ఆమె డబ్బా ఎట్లుండునో, దాని అంచు ఎక్కడ వంగియున్నదో మాలో అందరికీ జ్ఞాపకము. ముఖము ఒక్కరికీ జ్ఞాపకము లేదు.

కవరు ఇంకను బీరువాలోనే ఉన్నది. వచ్చే జనవరిలో మరల వెళ్ళుచున్నాము. గురువారము ఉదయపు రైలు.