ఈకల కుటుంబం, హాస్టల్ కుటుంబం
బెకీ ఛాంబర్స్ నవల 'ద లాంగ్ వే టు ఎ స్మాల్, యాంగ్రీ ప్లానెట్' చదువుతున్నంతసేపూ నాకు ఉస్మానియా యూనివర్సిటీ పక్కనున్న తార్నాకే గుర్తొచ్చింది. 2014లో వచ్చిన ఈ సైన్స్ ఫిక్షన్‌లో వేఫేరర్ అనే అతుకుల ఓడ అంతరిక్షంలో సొరంగాలు తవ్వుతుంది. అందులో ఉన్నవాళ్లది తలో జాతి, తలో తిండి. వంటా వైద్యమూ రెండూ చూసే డాక్టర్ షెఫ్ బల్ల దగ్గర అందరూ కలుస్తారు. తండ్రి చేసిన నేరం తనకు అంటకూడదని పేరు మార్చుకుని వచ్చిన రోజ్‌మెరీని, నిజం తెలిశాక కూడా వాళ్లు వదులుకోరు. పైలట్ సిసిక్స్ జాతిలోనైతే కన్నవాళ్లు వేరు, పెంచేవాళ్లు వేరు, పెద్దయ్యాక ఎంచుకునే 'ఈకల కుటుంబం' వేరు. తమ బతుకులో ముద్ర వేసిన మనిషికి ఒక ఈక ఇస్తారు. ఎంత గొప్ప ఊహ! మన హాస్టళ్లలోనూ అలాంటి కుటుంబాలే. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో ఇవాళ పాలమూరు యాస, ఆదిలాబాద్ గోండీ వినిపిస్తాయి. పక్కనే భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో మలయాళం, మణిపురీ. జ్వరమొస్తే తార్నాక నుంచి ఇడ్లీ పార్సిల్ తెచ్చేదీ, పరీక్ష ఫీజుకి చేబదులిచ్చేదీ 'అన్నా' అని పిలిపించుకునే రూమ్మేటే. ఇళ్లలో మాత్రం 'ఫ్రెండ్సేగా' అని తీసిపారేస్తాం. ఛాంబర్స్ ఆ బంధానికి కుటుంబమంత విలువ ఇచ్చారు. అందుకే ఈ నవల నాకింత నచ్చింది. యుద్ధాలు కోరుకునేవాళ్లకి కథ నెమ్మదిగా అనిపించొచ్చు. నాకైతే ఆ నెమ్మదే ఇష్టం. పిల్లల్ని హాస్టల్‌కి పంపిన అమ్మానాన్నలూ, మీరూ చదవండి.