తల వంచిన అధిపతులు

1997 నవంబరు 24న, నూరేండ్ల చరిత్రగల జపాను వాటాల దళారీ సంస్థ యమాయిచి సెక్యూరిటీస్ మూతపడుచున్నదని ప్రకటించుచు, దాని అధ్యక్షుడు షోహే నొజావా విలేకరుల యెదుట వెక్కివెక్కి యేడ్చి, దోషము తమదేగాని ఉద్యోగులది కాదని మొరపెట్టుకొనెను. ఆ మూతకు దారితీసిన, సంస్థ దాచిపెట్టిన నష్టములు ఆయన హయాములోనివి కావు. ఆ పదవి దక్కి అప్పటికి కొన్ని నెలలే. అయినను పీఠముపై నున్నవాడే తల వంచవలెననుట జపానీయుల మర్యాద.

అమెరికాలో నిట్టి కన్నీరు న్యాయవాదులకు గుండెదడ పుట్టించును. ఏలయన, అచ్చట నేటి క్షమార్పణము రేపు న్యాయస్థానమున నేరాంగీకారముగా చదువబడవచ్చును. 2010 ఫిబ్రవరిలో, టొయోటా కార్లు అదుపుతప్పి పరుగిడుచున్నవను ఆరోపణలపై ప్రతినిధులసభా సంఘము ముందు నిలిచిన ఆ సంస్థ అధ్యక్షుడు అకియో టొయోడా, ఇటు స్వదేశీయులు తన నడుము చాలినంత వంగలేదని కొలతలు తీయుచుండగా, అటు పోటీ సంస్థయగు జనరల్ మోటార్సులో అప్పుడు అధికభాగము వాటాలుగల ప్రభుత్వపు గడ్డపై సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను. ఆ విచారణలో రాజకీయపు పాలు లేదనుట అమాయకత్వము.

మన హైదరాబాదు సంగతియు నున్నది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు వ్రాసిన లేఖలో కన్నీరు లేదు, అంకెలున్నవి: లెక్కలలోని 5,040 కోట్ల రూపాయల నగదు లేనేలేదని. నా దృష్టిలో వాటాదారునకు వంగిన నడుముకన్న ఆ అంకెయే ఉపయుక్తము, అది పూర్తి సత్యము కాకపోయినను. 2015లో న్యాయస్థానము ఆయనకు శిక్ష విధించెను. 108 అంబులెన్సులను తెచ్చినవాడని జాలిపడినవారును మనలో లేకపోలేదు.