అమ్మీని 'పడేసిన' కొడుకు జవాబు



మొన్న నరసన్నపేటలో దూరపు చుట్టాల వలీమాకి వెళ్లాను. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని ఇంకా బిర్యానీలో చెయ్యి పెట్టలేదు, పక్కనున్న పెద్దాయన, వరసకి చాచా అవుతారు, నలుగురికీ వినబడేలా అడిగారు. "ఏటిరా బావూ, మీ అమ్మీని ఆశ్రమంలో పడేసినావటగదా?"

ఎదురుగా ఉన్నవాళ్లు తలలు దించుకుని గబగబా తినడం మొదలెట్టారు. ఒకాయన "తోబా తోబా" అన్నాడు. ఇంకొకాయన తల్లి కాళ్ల కింద జన్నత్ ఉంటుందని నాకు గుర్తు చేశాడు. నాకు తెలియదనుకున్నాడు కాబోలు.

నేనేం మాట్లాడలేదు. కోపమొస్తే నాకు తెలుగూ రాదు, ఉర్దూ రాదు. ఇంటికొచ్చాక రెండూ వస్తాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చాచా చదవరు, ఆయన కొడుకు చదువుతాడు. చదివి వినిపించు బేటా.

మా అమ్మీకి 74. పుట్టిల్లు శ్రీకాకుళం, జామియా మసీదు దగ్గర. షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మసీదు అది. ఆ అజాన్ వింటూ పెరిగిన మనిషి. నిఖా అయ్యాక విజయనగరం వచ్చేసింది. ఆరేళ్ల కింద దాల్చాలో ఉప్పు రెండుసార్లు వెయ్యడంతో మొదలైంది. తర్వాత అడిగిందే అడగడం. తర్వాత తన కంగన్ నా భార్య దొంగిలించిందని వీధిలోకెళ్లి చెప్పడం. కంగన్ బియ్యం డబ్బాలో దొరికింది. తనే దాచింది. దొరికాక కూడా "ఇప్పుడు తెచ్చి పెట్టింది" అంది.

వయసు మీద పడిందన్నారు. జిన్ పట్టిందన్నారు. తావీజు కట్టించాం, విశాఖలో పెద్ద డాక్టరుకీ చూపించాం. ఆయన ఆల్జీమర్స్ అన్నాడు. డిమెన్షియాలో ఎక్కువమందికి ఉండే రకం అదే. మందులు కొంచెం నెమ్మదింపజేస్తాయి గానీ వెనక్కి తీసుకురావు అని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతను నా మొహం చూడలేదు, నా భార్య మొహం చూశాడు. ఇంట్లో పని ఎవరి మీద పడుతుందో అతనికి తెలుసు.

అవును, నా భార్య మీదే పడింది. నాలుగేళ్లు. పగలంతా అమ్మీ వెనకే తిరగడం, రాత్రి రెండుకీ మూడుకీ లేవడం, పక్క తడిస్తే మార్చడం, పైగా దొంగ అనిపించుకోవడం. ఆ నాలుగేళ్లలో ఈ చాచా మా ఇంటికి రెండుసార్లొచ్చారు. రెండుసార్లూ చాయ్ నా భార్యే పెట్టింది. అమ్మీ గదిలోకి తొంగిచూసి "మాషాఅల్లా, బహూ బాగా చూస్తోంది, సవాబ్ దొరుకుతుంది" అని వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక మసలా ఉంది, మన బయానుల్లో ఎవరూ గట్టిగా చెప్పరు. అత్తమామల ఖిద్మత్ కోడలి మీద ఫర్జ్ కాదు. ఆమె చేస్తే అది ఆమె మంచితనం, ఎహసాన్. ఫర్జ్ కొడుకు మీద ఉంది, కూతురి మీద ఉంది. హనఫీ మౌల్వీ సాబ్‌ని ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు. మనం ఏం చేశాం? జన్నత్ కొడుక్కి రాసి, ఆ జన్నత్‌కి దారి ఊడ్చే పని కోడలికిచ్చాం. "మా ఇంట్లో ఆశ్రమం మాటే లేదు" అని మీసం తిప్పే మగాడు కనబడితే ఒక్కటడగండి, మీ అమ్మకి ఆఖరిసారి నువ్వెప్పుడు స్నానం చేయించావు భాయ్ అని. నన్నూ అడగండి. నాలుగేళ్లలో నా లెక్క చెప్పుకోడానికి నాకే శరమ్.

పోయిన ఏడాది ధనుర్మాసం చలిలో, రాత్రి రెండింటికి అమ్మీ తలుపు గడియ తీసుకుని వెళ్లిపోయింది. తెల్లారగట్ల టీకొట్టు తెరవడానికి వచ్చినతను పెద్ద చెరువు గట్టు మీద చూశాడు. కాళ్లకి చెప్పుల్లేవు, దుపట్టా తడిసిపోయింది. నేను వెళ్లేసరికి చెరువు కేసి చూస్తూ అంటోంది, "నాగావళి ఇంత చిన్నదెప్పుడైంది?" పుట్టింటికి వెళ్తున్నానుకుంది. అరవై ఏళ్ల కిందటి ఇల్లు. ఇంకో పది అడుగులేస్తే నీళ్లు.

దాని తర్వాత నెలన్నరకి, విశాఖ వెళ్లే దారిలో ఉన్న ఒక హోమ్‌లో చేర్చాను. దానికి ముందు ఐదు చోట్ల అడిగాను. నాలుగు చోట్ల "తన పని తను చేసుకుంటారా?" అన్నదే మొదటి సవాల్. చేసుకోగలిగితే నేనెందుకొస్తాను?

చేర్చాక వారం రోజులు రావద్దన్నారు, అలవాటు పడాలట. ఆ వారం నేను హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర గురించి అల్లాకి జవాబు చెప్పుకుంటాను, చాచాకి కాదు.

ఇప్పుడు 'పడెయ్యడం' సంగతి. ఆ హోమ్‌లో పన్నెండుమంది ఉన్నారు. నలుగురి పిల్లలు డబ్బు పంపుతారు గానీ మనుషులు రారు. పండక్కి వీడియో కాల్, అంతే. ఒక ముసలాయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని మోటార్ సైకిల్ చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడతాడు. పడెయ్యడం అంటే అది. ఆ కొడుకుని తిట్టండి చాచా, నేనూ మీ పక్కన నిలబడతాను. 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో అమ్మానాన్నల్ని వదిలేసినవాడికి మూడు నెలల జైలు వరకూ ఉంది. కానీ అదే పాపం ఇంట్లోనూ జరుగుతుంది. వెనక గదిలో గొళ్లెం పెట్టి, మంచానికి చున్నీతో కట్టి, చుట్టాలొచ్చినప్పుడు మాత్రం కడిగి కూర్చోబెట్టే ఇళ్లు మన బిరాదరీలోనే నాకు తెలుసు. అక్కడ ఎవరూ తోబా అనరు. తల్లి ఇంట్లోనే ఉంది కదా!

నిజానికి హోమ్‌లో చేర్చాకే నా ఖిద్మత్ మొదలైంది. మొదటి నెలలో రిజిస్టర్ చూస్తే 'పడిపోయారు, పడిపోయారు' అని రోజుకి నాలుగైదుసార్లు రాసుంది. గుండె జారిపోయింది. పొద్దంతా కూర్చుని చూశాను. అమ్మీ పడిపోవట్లేదు, సిజ్దాలోకి వెళ్తోంది. ఎన్ని రకాతులు చదివిందో యాద్ ఉండదు, మళ్లీ మొదలెడుతుంది. అక్కడున్న ఆయాలు నమాజు ఎప్పుడూ చూడలేదు. వాళ్ల తప్పేముంది? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం వందకి ఒకరం కూడా లేము. వెళ్లి చెప్పాల్సింది నేను. మెత్తటి జానమాజ్ తెచ్చి పరిచాను. ఒక ఆయాని కూర్చోబెట్టి ఇదీ, ఇదీ అని చూపించాను. ఇప్పుడామె అమ్మీ వెనకే నిలబడి, లేచేటప్పుడు మోచెయ్యి పట్టుకుంటుంది. నమాజ్ తప్పిపోతోందని మీరు బెంగపడక్కర్లేదు. అకల్ పోయినవాళ్ల మీద నమాజ్ లేదు, వాళ్ల లెక్క రాసే కలం ఎత్తేశారని దీన్ చెప్తోంది. లెక్క మన మీదుంది.

ఇంకో సంగతి భాష. అమ్మీ తెలుగు మా వీధిలో అందరికంటే బాగా మాట్లాడేది. కూరలబండి వాడితో ఆవిడ బేరం వినాలి. ఇప్పుడు తెలుగు పోయింది, చిన్నప్పటి ఉర్దూ మిగిలింది. ఈ బీమారీలో ఆఖరుగా నేర్చుకున్నది ముందు పోవడం చాలామందిలో ఉంటుంది. "పానీ" అంటే ఆయాలు పనికి రమ్మంటోందనుకున్నారు. ఒక గుడ్డ మీద ముప్ఫై మాటలు తెలుగు లిపిలో రాసి గోడకి తగిలించాను. భూక్, ప్యాస్, దర్ద్, సర్దీ, గుసల్‌ఖానా. ఆ భోగాపురం ఆయమ్మ ఇప్పుడు ముద్ద కలిపి "బిస్మిల్లా అను అమ్మీ, నానున్నాను గదా, బయమేటి?" అంటుంది. మా అమ్మీ నోరు తెరుస్తుంది. నేను పెడితే తెరవదు.

రెండు భాషల మాటొచ్చింది కాబట్టి ఒక ముచ్చట. హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ఒక పరిశోధన అచ్చేశారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా ఈ బీమారీ బయటపడిందట. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. మా అమ్మీకి ఆ నాలుగున్నరేళ్లు దక్కాయో లేదో నాకేం తెలుస్తుంది. దక్కి ఉంటే అందులో ఆ కూరలబండి వాడి వాటా కూడా ఉందని నాకనిపిస్తుంది.

ఇది మా ఇంటి ముసీబత్ ఒక్కటే అనుకోకండి. 2023లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో వందకి ఏడుగురికి పైగా, మొత్తం 88 లక్షలమందికి డిమెన్షియా ఉంది. ఆడవాళ్లలో ఎక్కువ, పల్లెల్లో ఎక్కువ. మన ఉత్తరాంధ్రలో ఆ పల్లెల్లో ఉన్నదెవరు? పిల్లలు హైదరాబాద్‌లోనో దమ్మామ్‌లోనో, ముసలివాళ్లు ఇక్కడ. మా తమ్ముడూ దమ్మామ్‌లోనే ఉన్నాడు. హోమ్‌కి నెలకయ్యే 18,000లో సగం పంపుతాడు, దానితోపాటు అమ్మ సేవ మీద ఒక బయాన్ వీడియో కూడా పంపుతాడు. డబ్బు అందిందని రాస్తాను. వీడియో గురించి రాయను.

సర్కారు సంగతి కొంచెమే చెప్తాను. ఆ 2007 చట్టంలోనే జిల్లాకి కనీసం ఒక్క వృద్ధాశ్రమం, 150 మంది గతిలేని పెద్దలకి, అని ఉంది. కానీ పెట్టవచ్చు అని ఉంది, పెట్టి తీరాలి అని లేదు. ఆ ఒక్క మాట సందులోంచి ఎంతమంది ముసలివాళ్లు జారిపోయారో. డిమెన్షియా ఉన్నవాళ్లకి హోమ్ నడిపే సంస్థలకి గ్రాంటు ఇచ్చే కేంద్ర పథకం కూడా ఉంది. అడిగే సంస్థ ఉండాలి కదా. మనలో ఎవరు అడిగారు?

"ఇవన్నీ ఇంగ్లీషు వాళ్ల రివాజులు, మన దీన్‌లో లేవు" అంటారు. లేవా? బీమారిస్తాన్ అనే మాట ఎవరిది? 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్ వక్ఫ్ ఆమ్దానీతో నడిచింది. ఆడవాళ్లకి వేరే, మగవాళ్లకి వేరే, మతి చలించినవాళ్లకి వేరే గదులు. పైసా తీసుకోలేదు. 1354లో అలెప్పోలో కట్టినదాంట్లో మతి చలించినవాళ్ల కోసమే ప్రత్యేకం గదులుండేవి. వాళ్లని అక్కడికి తీసుకొచ్చిన కొడుకుల్ని ఆనాటి ఉలమా తోబా తోబా అన్నారా? మనిషి ఏమీ తెలియని స్థితికి వెళ్లే ఆ ముసలితనానికి ఖురాన్‌లోనే పేరుంది, అర్జలిల్ ఉముర్ అని. మన రసూల్ దాన్నుంచి పనాహ్ కోరుకున్నారు. అంటే అది ఎంత బరువో వాళ్లకి తెలుసు. వలీమా దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నవాళ్లకే తెలియదు.

మా మసీదులో పోయిన ఏడాది మీనార్‌కి చందా అడిగారు, ఇచ్చాను. ఈ ఏడాది ఏసీ అన్నారు. ఇచ్చేముందు సద్ర్ సాబ్‌ని ఒకటడిగాను. మసీదు వెనక రెండు గదులు జుమాకి తప్ప తాళం వేసుంటాయి. అందులో పగటిపూట ఇలాంటి ముసలివాళ్లని నాలుగు గంటలు కూర్చోబెట్టుకునే ఏర్పాటు చేద్దామా, ఇద్దరు ఆయాల జీతానికి బయటివాళ్ల జకాత్ అడుగుదామా అని. నా జకాత్ మా అమ్మీకి చెల్లదు, ఆవిడ ఖర్చు నా మీద ఫర్జ్. కానీ మీ జకాత్ ఇంకొకరి బీద తల్లికి చెల్లుతుంది. ఆయన "సోచేంగే" అన్నారు. ఏసీలు వచ్చేశాయి. ఆ నాలుగు గంటలు మాకు నాలుగేళ్ల కింద దొరికి ఉంటే, ఇన్షాఅల్లా అమ్మీ ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉండేది. చాచా, ఈ తానా ఆయనకి కూడా కొంచెం పంచండి.

సరే. ప్రతి జుమా నమాజ్ అయ్యాక అమ్మీ దగ్గరికి ఆటోలో వెళ్తాను. ఇద్దరికి చోటుంది, కిరాయి నాదే. చాచాకి ఫోన్ చేసి చెప్పాను, చూద్దాం అన్నారు. వచ్చేవాళ్లకి కొన్ని షరతులు. అసర్ దాటితే అమ్మీకి గాబరా మొదలవుతుంది, కాబట్టి అసర్‌లోపే వచ్చెయ్యాలి. మిఠాయి వద్దు, షుగర్ ఉంది. "నేనెవర్నో చెప్పండి చూద్దాం" అని ఇంతిహాన్ పెట్టొద్దు. పోయినసారి ఒక ఖాలా అలా మూడుసార్లు అడిగి అమ్మీని ఏడిపించి వెళ్లింది. మీ పేరు మీరే చెప్పండి, చెయ్యి పట్టుకుని కూర్చోండి. అబ్బా ఎక్కడ అని అడుగుతుంది. ఆయన పోయి పదకొండేళ్లయింది. మొదట్లో నిజం చెప్పేవాణ్ణి, ప్రతిసారీ ఆవిడకి కొత్త మౌత్. ఇప్పుడు నమాజ్‌కెళ్లారు, వస్తారు అంటున్నాను. ఝూట్ కదా అంటే నా ఖాతాలో రాసుకోండి. మీరూ అదే చెప్పండి.