న్యూట్రల్ సౌండ్ కావాలా? ముందు స్పీకర్‌ని మూలలోంచి బయటికి లాగండి

న్యూట్రల్ సౌండ్ అనగానే మా బ్యాచ్‌లో వచ్చే మాట ఒకటే: "బేస్ లేని చప్పిడి సౌండ్ కదా బ్రో?" కాదు. రికార్డింగ్‌లో ఎంత బేస్ ఉంటే అంతే వినిపించడం న్యూట్రల్. పాటలో బీట్ దంచితే స్పీకర్ కూడా దంచాలి, డైలాగ్ సీన్‌లో మాత్రం సైలెంట్‌గా ఉండాలి. చాలా చవక హోమ్ థియేటర్లకు ఈ రెండో పని రాదు. అందుకే ఓటీటీలో హీరో గొంతు డ్రమ్ములోంచి వస్తున్నట్టు ఉంటుంది.

ఇదేదో ఆడియో పిచ్చోళ్ల గోల కూడా కాదు. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్, తర్వాత హర్మన్‌లో ఆయనా, షాన్ ఆలివ్ కలిసి స్పీకర్లు కనపడకుండా దాచి జనానికి వినిపించారు. బ్రాండ్, సైజు తెలియనప్పుడు ఎక్కువ మంది మార్కులు వేసింది ఫ్లాట్‌గా ఉండి, పక్కలకు కూడా అదే తీరులో సౌండ్ పంపే స్పీకర్లకే.

ఇంతవరకు నేనూ న్యూట్రల్ పార్టీయే. నా గొడవల్లా గ్రాఫ్ పిచ్చితో. ఒక్క డెసిబెల్ తేడా కోసం వేలకు వేలు ఎక్కువ పెట్టి కొంటారు, తెచ్చి టీవీ యూనిట్ మూలలో ఇరికిస్తారు. అక్కడే గ్రాఫ్ కథ కంచికి! దాదాపు 200 హెర్ట్జ్ కింద స్పీకర్ కంటే గది మాటే ఎక్కువ చెల్లుతుంది. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర బేస్ పోగుపడుతుంది. గోడకు ఆనుకుని కూర్చుంటే గుయ్యిమంటుంది, గది మధ్యలో అదే నోట్ మాయం. దీనికి తోడు మన ఇళ్లలో టైల్స్, బోసి గోడలు. గ్రాఫేమో గది ప్రభావం తీసేసి కొలిచింది.

కాబట్టి ముందు ఖర్చు లేని పని చేయండి. స్పీకర్‌ని గోడకు ఒకటి రెండడుగులు దూరం జరపండి, మీ కుర్చీ కూడా మార్చి చూడండి. ఒక మందపాటి కర్టెన్, తివాచీ. తర్వాత రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో, ఓ మెజర్‌మెంట్ మైక్ పెట్టి కొలవండి. ఎత్తుగా కనిపించే బేస్ పీక్స్‌ని ఈక్యూలో తగ్గించండి. లోతైన గుంటల జోలికి మాత్రం వెళ్లొద్దు, యాంప్ పవర్ వృథా తప్ప అవి పూడవు.

ఇదంతా అయ్యాక బేస్ ఇంకా కావాలా? 3 డెసిబెల్స్ పెంచుకోండి, తప్పేం లేదు. పక్కలకు అడ్డదిడ్డంగా సౌండ్ చిమ్మే స్పీకర్‌ని మాత్రం ఏ ఈక్యూ బాగుచేయలేదు. డబ్బులు పెట్టాల్సింది అక్కడ, ఇంకో డాక్ మీద కాదు. ఇక టీవీ యూనిట్ కదపడానికి ఇంట్లో అమ్మ ఒప్పుకోకపోతే, ఆ పంచాయితీ మీరే తేల్చుకోవాలి.