శుక్లచికిత్సకు గీటురాయి

పల్లెలందు ఉచిత నేత్రశిబిరములు జరుగుట హర్షింపదగిన విషయమే. కాని శిబిరము ముగిసిన పిదప వెలువడు ప్రకటనలందు ఇన్ని శస్త్రచికిత్సలు జరిగినవను సంఖ్య కనబడునే కాని, ఎందఱికి ఎంత చూపు వచ్చినదను సంఖ్య తఱచుగా కానరాదు. నాటిన యెకరములను గాక కళ్లములోని రాశిని జూచి పంటను లెక్కించు రైతులకు ఈ లోపము వేఱుగ జెప్పనక్కఱలేదు.

శుక్లమును దీయుట యెల్లరును ఒక్క రీతిగ జేయు పని కాదు. ఒకప్పుడు మన దేశమున శుక్లమును దాని తిత్తితో గూడ వెలికిదీసి, దళసరి కండ్లజోడు నిచ్చి పంపెడివారు. ఆ యద్దములలో వస్తువులు ఉన్నదానికంటె పెద్దవిగ దోచును; ప్రక్కచూపు కుంచించుకొనిపోవును; జోడు పగిలెనా, రోగి మరల గ్రుడ్డివాడే. 1949లో లండనునందు హెరాల్డ్ రిడ్లీ కంటిలోపలనే కృత్రిమకటకము నమర్చి యీ దురవస్థ దీఱుటకు మార్గము చూపెను.

గాటు పరిమాణమును చూపును నిర్ణయించును. పెద్దగాటునకు కుట్లు వలయును. కుట్లు నల్లగ్రుడ్డుమీది పారదర్శకపు పొరను లాగి దాని వంపును జెఱచును. అందుచే చూపు చెదరును. 1967లో అమెరికాయందు చార్లెస్ కెల్మన్ వినరాని ధ్వనికంపములచే శుక్లమును నలిపి పీల్చివేయు యంత్రవిధానమును బ్రవేశపెట్టెను. తరువాత మడత కటకములు వచ్చుటతో గాటు మూడు మిల్లీమీటర్లకును దిగినది. కాని యంత్రము ఖరీదైనది. యంత్రము లేకయే, ఆఱేడు మిల్లీమీటర్ల సొరంగపు గాటుతో, కుట్టు లేకుండ జేయు చేతివిధానమును గలదు. నేపాళమునందు 108 మంది రోగులలో ఈ రెంటిని బోల్చి 2007లో ప్రకటించిన పరిశోధన చూడుడు. ఆఱు నెలల పిదప కండ్లజోడు లేకయే 6/18 గాని అంతకు మెఱుగుగాని చూపు గలవారు యంత్రవిధానమున నూటికి 85, చేతివిధానమున 89. అద్దములతో రెంటను 98. ఖర్చు చేతివిధానమునకే మిక్కిలి తక్కువ. మదురైలోని ఆరోల్యాబు 1992 మొదలు కటకములను చౌకగ దయారుచేయుచున్నది.

కావున పేదవానికి నాసిరకపు చికిత్సయే గతి యను వాదము నిలువదు. యంత్రపు వెలను జూచి చూపును అంచనా వేయుటయు బొరపాటే. వైద్యుని చేతినేర్పు, కటకపు శక్తిని ముందుగ గొలుచుట, పరికరముల శుద్ధి, పిదప జరుపు పరీక్ష, వీనిలో ఏది లోపించినను ఫలము చెడును.

శిబిరములకు ధనమిచ్చు దాతలు ఆఱు వారముల తరువాత ప్రతి రోగి చూపును గొలిచి, ఆ లెక్కను బహిరంగపఱుపవలసినదని ముందుగనే కోరవలయును. ప్రభుత్వమును తన సహాయమునకు ఇదే నిబంధన విధించుట యుక్తమని మా యభిప్రాయము.