సాము నేర్పితే శీలం వస్తుందా?

"మా అబ్బాయిని కరాటేలో చేర్పించమంటారా డాక్టరు గారూ? కోపం తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా?" పదవీ విరమణ తరువాత ఖమ్మంలోనూ, భద్రాచలం వైపు అడవి అంచు పల్లెల్లోనూ తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నల్లో ఇది తరచుగా వినిపిస్తుంది. ఆడపిల్లల తల్లుల ప్రశ్న వేరు. "బస్సులో, బడి దారిలో మా అమ్మాయి ధైర్యంగా ఉండగలుగుతుందా?" అని వారు అడుగుతారు. రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. దెబ్బ కొట్టడం నేర్పే విద్య మనిషిని మంచివాడిగా చేయగలదా?

చేయగలదు; కాని తనంతట తాను చేయదు. ఎవరు నేర్పుతున్నారు, ఎంతకాలం నేర్పుతున్నారు, ఏ నియమాలతో నేర్పుతున్నారు అనే మూడు అంశాల మీద ఫలితం ఆధారపడి ఉంటుంది. ఈ మూడింటినీ పక్కనపెట్టి పిల్లల చేత పెంకులు పగులగొట్టించి చప్పట్లు కొట్టడం ఆత్మరక్షణా కాదు, వ్యక్తిత్వ నిర్మాణమూ కాదు. ఒక వైద్యుడిగా నా అభిప్రాయాన్ని, దానికి గల కారణాలను మీ ముందు ఉంచుతున్నాను.

మన నేలలోనే ఉన్న విద్య

యుద్ధకళ అనగానే జపాను, చైనా దేశాలు గుర్తుకు రావడం నేటి తరానికి సహజం. కాని కర్రసాము, కత్తిసాము, కుస్తీ మన పల్లెలకు కొత్తవి కావు. తెలుగునాట ఊరూరా తాలింఖానాలు ఉండేవి. పొద్దున్నే దండీలు, బస్కీలు తీసి, గురువుకు మొక్కి, ఆ తరువాతనే కర్ర పట్టనిచ్చేవారు. దసరాకు, పీర్ల పండుగకు వీధిలో కనిపించిన సాము ఏడాది పొడవునా సాగిన ఆ సాధనలో చివరి ఘట్టం మాత్రమే.

కోడి రామమూర్తి నాయుడు పేరు వినని పెద్దవారు మనలో ఉండరు. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టిన ఆ మల్లయోధుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని, ఊపిరి బిగించి ఇనుప గొలుసు తెంచాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పని చేశారన్న సంగతి మాత్రం తక్కువమందికి గుర్తుంది. జనానికి ఏనుగు గుర్తుండిపోయింది. ఏనుగును మోయగల శరీరాన్ని, శ్వాసను తయారు చేసిన నిత్యసాధన మరుగునపడింది. ఈనాటి మన పొరపాటు కూడా అదే. ప్రదర్శనను చూసి మురిసిపోతాము, సాధనకు మాత్రం సమయం ఇవ్వము.

మా గోదావరి ఒడ్డున, దుమ్ముగూడెం, చర్ల అడవుల్లో కోయ పిల్లలు చిన్ననాటనే విల్లు పట్టేవారు. విత్తనాలు చల్లే ముందు వచ్చే భూమి పండుగకు విల్లంబులతో అడవికి వెళ్ళడం వారి ఆచారం. వన్యప్రాణుల వేట నేడు చట్టరీత్యా నేరం, అలాగే ఉండాలి. కాని ఊపిరి నిలిపి, చెయ్యి వణకకుండా, సరైన క్షణం కోసం వేచి ఉండే ఓర్పును ఏ చట్టమూ నిషేధించలేదు. ఆ ఓర్పే శీలానికి మొదటి మెట్టు.

గురువులు ఉపాధ్యాయులైనప్పుడు

జూడోను 1882లో రూపొందించిన జిగొరో కానో వృత్తిరీత్యా విద్యావేత్త. బక్కపలుచని శరీరంతో, బడిలో తోటివారి చేతిలో బాధలు పడి, ఆ విద్య నేర్చుకున్నాడు. పాత జుజుత్సులో ప్రాణాపాయం కలిగించే పట్లను పోటీ సాధన నుంచి తొలగించి, మిగిలినవాటిని పిల్లలు సైతం నేర్చుకోదగిన విద్యగా మలిచాడు. ఇద్దరు తలపడినప్పుడు ఇద్దరికీ మేలు జరగాలన్నది ఆయన పెట్టిన మూలసూత్రం. కరాటేను 1922లో ఒకినావా నుంచి టోక్యోకు తీసుకువెళ్ళిన గిచిన్ ఫునకోషి కూడా బడిపంతులే, బాల్యంలో రోగపీడితుడే. ఆయన శిష్యపరంపర సాధన చేసే కటాలలో చాలావరకు ఎదుటి దెబ్బను అడ్డుకోవడంతోనే మొదలవుతాయి.

కేరళ కళరిలో మరొక విశేషం ఉంది. అక్కడ సాము నేర్పే గురుక్కళ్ ఎముకలు సరిచేసే వైద్యుడు కూడా. ఎక్కడ కొడితే ప్రాణం పోతుందో నేర్పేవాడికి, దెబ్బ తగిలినవాడిని బాగు చేయడమూ తెలిసి ఉండాలన్న నియమం ఒక వైద్యుడిగా నాకు ఎంతో నచ్చింది. డెబ్బై దాటిన వయసులోనూ కళరి నేర్పుతున్న మీనాక్షి అమ్మకు 2017లో పద్మశ్రీ లభించింది.

మెదడులో ఏం జరుగుతుంది?

కోపం వచ్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, శ్వాస పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. తొందరపాటును అదుపు చేసే మెదడు ముందరి భాగం పూర్తిగా పరిపక్వం కావడానికి ఇరవైల మధ్య వయసు వరకు పడుతుంది. కనుక పదమూడేళ్ళ పిల్లవాడికి "కోపం తెచ్చుకోకు" అని ఉపన్యాసం చెప్పి ప్రయోజనం తక్కువ. కోపం వచ్చిన క్షణంలో ఏం చేయాలో శరీరానికి అలవాటు చేయించాలి.

మంచి గురువు వద్ద జరిగేది ఇదే. పిల్లవాడు ఎదుటివాడికి నమస్కరిస్తాడు. చిన్న దెబ్బ తింటాడు. మండిపడితే గురి తప్పుతుందని, నిదానంగా ఊపిరి వదిలితే చెయ్యి మళ్ళీ మాట వింటుందని వందసార్లు అనుభవంలో తెలుసుకుంటాడు. గురువు "ఆగు" అనగానే ఎత్తిన పిడికిలి గాలిలోనే ఆగిపోవాలి. ఓడినవాడు గెలిచినవాడికి మళ్ళీ నమస్కరించాలి. భయాన్ని, కోపాన్ని, ఓటమిని కొద్దికొద్ది మోతాదుల్లో, హాని లేని చోట రుచి చూపించే ఈ పద్ధతి టీకా వంటిది. మోతాదు తప్పితే, హాని లేని చోటు కాకపోతే మేలుకు బదులు కీడే మిగులుతుంది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఈ మాటలకు ఆధారాలు ఉన్నాయి. 1986లో అమెరికా పరిశోధకుడు ట్రుల్సన్ నేరప్రవృత్తి ఉన్న కౌమార బాలురను మూడు జట్లుగా విభజించి ఆరు నెలలు పరిశీలించాడు. నమస్కారం, ధ్యానం, గురుబోధలతో కూడిన సంప్రదాయ తైక్వాండో నేర్చుకున్న జట్టులో దుడుకుతనం తగ్గింది. కేవలం కొట్టుకునే మెళకువలు నేర్చుకున్న జట్టులో నేరప్రవృత్తి పెరిగింది. ఆ జట్టు చిన్నదే కావచ్చు, కాని పాఠం పెద్దది. విద్య ఒకే కోవది, నేర్పిన తీరు వేరు, ఫలితాలు తలకిందులు. 2004లో లేక్స్, హాయ్ట్ అనే పరిశోధకులు ప్రాథమిక పాఠశాల పిల్లలపై చేసిన అధ్యయనంలో, మామూలు వ్యాయామం తరగతికి వెళ్ళినవారికంటే సంప్రదాయ యుద్ధకళ నేర్చినవారిలో స్వీయనియంత్రణ ఎక్కువగా మెరుగుపడింది.

ప్రతికూల ఆధారాన్ని కూడా దాచకూడదు. 2005లో నార్వే పరిశోధకులు ఎండ్రెసెన్, ఓల్వెయస్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బాక్సింగు, కుస్తీ, బరువులెత్తడం, ప్రాచ్య యుద్ధకళల వంటి బలప్రదర్శన క్రీడల్లో చేరిన బాలురలో సంఘవ్యతిరేక ప్రవర్తన పెరిగింది. కండబలాన్ని, మగతనపు దర్పాన్ని పూజించే వాతావరణం ఇందుకు కారణమై ఉండవచ్చునని వారు భావించారు. కనుక "కరాటేలో చేర్పిస్తే పిల్లవాడు బుద్ధిమంతుడవుతాడు" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

పదకొండేళ్ళ దూరం

మన నిజామాబాద్ ఆడపిల్ల నిఖత్ జరీన్ 2011లో యువతుల ప్రపంచ బాక్సింగు విజేత అయింది. పెద్దల విభాగంలో ప్రపంచ విజేత కావడానికి 2022 మే వరకు, అంటే పదకొండేళ్ళు పట్టింది. మధ్యలో 2017లో భుజానికి గాయమై బరికి దూరమైంది. 2019లో న్యాయమైన ఎంపిక పోటీ జరగాలని బహిరంగంగా కోరింది, పోటీ జరిగింది, తాను చిన్ననాటి నుంచి ఆరాధించిన మేరీ కోమ్ చేతిలో ఓడింది. మళ్ళీ సాధనకు వెళ్ళింది. 2023లో రెండవసారి ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో, ఆ తరువాత స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి చేతిలో ఓడి కన్నీళ్ళతో వెనుదిరిగింది. పతకాల కన్నా ఈ పడిలేవడాల వరుసనే పిల్లలకు చెప్పండి. శీలం తయారయ్యేది అక్కడే.

మూడు నెలలు చాలవు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరిట ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు. ఆలోచన మంచిదే, స్వాగతించాల్సిందే. కాని ఆ శిక్షణ కాలం మూడు నెలలు. మూడు నెలల్లో పిడికిలి పట్టడం, నాలుగు దెబ్బలు, రెండు తన్నులు వస్తాయి. ఆ తరువాత మాస్టారు రారు, సాధన ఆగిపోతుంది. మిగిలేది వార్షికోత్సవంలో పెంకులు పగులగొట్టే ప్రదర్శన.

ఆ పెంకుల వల్ల చిటికెన వేలి వెనుక ఎముక విరిగి నా దగ్గరకు వచ్చిన పిల్లలు ఉన్నారు. ఎదిగే పిల్లల ఎముకల చివర పెరుగుదలకు మూలమైన మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే ఎముక వంకరగా పెరగవచ్చు. పదహారేళ్ళలోపు పిల్లల చేత ఇటుకలు, పెంకులు పగులగొట్టించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

అంతకంటే ప్రమాదకరమైనది అరకొర శిక్షణ ఇచ్చే అతివిశ్వాసం. ఆత్మరక్షణలో మొదటి పాఠం ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, రెండవది గట్టిగా అరవడం, మూడవది తప్పించుకుని పరుగెత్తడం. చెయ్యి ఎత్తడం చివరిది. జరిగినదాన్ని సిగ్గుపడకుండా పెద్దలకు చెప్పడం, 1098, 112 నంబర్లకు ఫోను చేయడం కూడా ఆత్మరక్షణే.

ఏజెన్సీ పిల్లల విషయంలో మరో రెండు జాగ్రత్తలు

మొదటిది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న పిల్లను మైదానం చుట్టూ పరుగెత్తిస్తే ఆయాసపడుతుంది. ఆమెను బద్ధకస్తురాలని మందలించడం అన్యాయం. ముందు రక్తపరీక్ష, ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు, పిడికెడు పప్పు. ఆ తరువాతే పరుగు.

రెండవది సికిల్ సెల్. గిరిజన ప్రాంతాల్లో ఈ జన్యులోపం కనిపిస్తుంది కనుకనే కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న ప్రత్యేక నిర్మూలన మిషన్ ప్రారంభించింది. ఒక జన్యువు మాత్రమే లోపంతో ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. తీవ్రమైన ఎండలో, నీరు తాగకుండా, ఒక్కసారిగా విపరీత శ్రమ చేస్తే మాత్రం కండరాలు దెబ్బతినే ముప్పు వారికి కొంత ఎక్కువ. నీళ్ళు, విశ్రాంతి, శ్రమను క్రమంగా పెంచడం వంటి జాగ్రత్తలు అమల్లో ఉన్న అమెరికా సైన్యంలో ఈ లక్షణం ఉన్నవారికి మరణాల ముప్పు పెరగలేదని 2016లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం తేల్చింది. కనుక ఆ పిల్లలను బరి నుంచి వెళ్ళగొట్టకండి. నీళ్ళ సీసా చేతికివ్వండి. రెండు జన్యువులూ లోపంతో ఉన్న, అంటే పూర్తి వ్యాధి ఉన్న పిల్లలు మాత్రం వైద్యుని సలహా లేకుండా చేరకూడదు.

ఏ పిల్లకైనా తలకు గట్టి దెబ్బ తగిలి, తల తిరిగినా, వాంతి అయినా, మాట తడబడినా ఆ రోజు సాధన ఆపి ఆసుపత్రికి తీసుకురావాలి. "లే, ఆడు" అనడం శౌర్యం కాదు.

ఏం చేయాలి?

ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఈ శిక్షణ ఏడాది పొడవునా, వారానికి కనీసం రెండు రోజులు సాగాలి. ఆడపిల్లలకు వీలైనంతవరకు మహిళా శిక్షకులే ఉండాలి. శిక్షకుల పూర్వచరిత్రను విచారించాలి. శిక్షణ వేళ మరో ఉపాధ్యాయిని అక్కడే ఉండాలి. గురుభక్తి పేరుతో ప్రశ్నించరాని మనిషిని తయారు చేస్తే పిల్లలకు రక్షణ పోతుంది. కరాటేతో పాటు మన కర్రసామును, మా ప్రాంతంలో విలువిద్యను చేర్చితే ఖర్చు తగ్గుతుంది, కోయ పిల్లలకు తమ తాతల విద్య మీద గౌరవం పెరుగుతుంది. మగపిల్లలకూ నేర్పాలి. ఆడపిల్లకు ఎదిరించడం నేర్పి, మగపిల్లవాడికి నిగ్రహం నేర్పకపోతే సగం పనే చేసినట్టు.

తల్లిదండ్రులారా, పిల్లలను చేర్చే ముందు ఒక సాయంత్రం ఆ తరగతి పక్కన కూర్చుని చూడండి. ఓడిన పిల్లవాడితో గురువు ఎలా మాట్లాడుతున్నాడు? బలవంతుడైన పిల్లవాడు బలహీనుడి మీద చెయ్యి చేసుకుంటే ఆపుతున్నాడా, నవ్వుతున్నాడా? బెల్టుకు ఇంత, పరీక్షకు ఇంత అని డబ్బు లెక్కలే వినిపిస్తున్నాయా? ఆ గంటసేపట్లో మీకు కావలసిన సమాధానం దొరుకుతుంది.

ఎత్తిన చెయ్యిని ఆపుకోగలగడమే బలమని పిల్లలకు నేర్పే చోటు మీ ఊరిలో ఉంటే తప్పక పంపండి. లేకపోతే, అటువంటి చోటు కావాలని మీ పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో లేచి అడగండి.