హాట్‌స్పాట్ ఎవరి జేబులో ఉంది?

టాబ్ కొనబోతున్నామని ఎవరితో అన్నా ఒకటే సలహా. "వైఫైది చాలండీ. సిమ్ ఉన్నదానికి అనవసరంగా డబ్బులెందుకు? కావాలంటే ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చు కదా." దుకాణంలో కుర్రాడు ఇదే చెబుతాడు. యూట్యూబ్‌లో టాబ్‌ల మంచిచెడ్డలు చెప్పేవాళ్లూ ఇదే అంటారు. బంధువుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడి మాటా ఇదే. వినగా వినగా ఇది ఎవరూ తిరిగి చూడని లెక్కగా స్థిరపడిపోయింది. ఈ లెక్క తప్పని నా వాదన. అందరికీ తప్పు అనను. మన ఇళ్లలో టాబ్ ఎవరి కోసం కొంటున్నామో వాళ్లకు మాత్రం ఇది తప్పు, నష్టం కూడా.

ఆ సలహా ఒక మనిషిని ఊహించుకుని పుట్టింది. అతనికి సొంత స్మార్ట్‌ఫోన్ ఉంది. రోజు గడిచేసరికి మిగిలిపోయేంత డేటా ఉంది. ఫోన్ అతని జేబు దాటి పోదు, టాబ్ అతని సంచి దాటి పోదు. విమానాశ్రయంలోనో కాఫీ దుకాణంలోనో కూర్చుని అతను రెండింటినీ కలుపుకుంటాడు. అలాంటివాడికి వైఫై టాబ్ నిజంగానే చాలు. కానీ మామూలు తెలుగు ఇంట్లో టాబ్ ఎవరికి కొంటున్నారు? ఏడో తరగతి చదివే అమ్మాయికి. ఈఏపీసెట్‌కో నీట్‌కో తయారయ్యే ఇంటర్ పిల్లవాడికి. ఫోన్ తెర మీద అక్షరాలు ఆనక, దూరాన ఉన్న మనవల ముఖాలు పెద్దగా చూడాలనుకునే అమ్మమ్మకు. అంటే ఇంట్లో ఎవరికి సొంత ఫోన్ లేదో వాళ్లకే. ఫోన్ లేనివాళ్లకు కొనే వస్తువును ఫోన్ ఉంటేనే పనిచేసేలా కొనమని చెప్పడం ఏం సలహా?

ఇది అరుదైన ఇళ్ల సంగతి అనుకునేవారు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడాలి. 2019–21లో జరిగిన అయిదో విడత సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న మహిళలు దేశం మొత్తం మీద 54 శాతమే. ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత పరిస్థితి కొంత మారి ఉంటుంది. అయినా ఇంట్లో ఉన్న మంచి ఫోన్ మగవాడి చేతిలో ఉండటం, ఆ ఫోన్ పొద్దున్నే అతనితో పాటు గడప దాటిపోవడం మనం రోజూ చూస్తున్నదే. నాన్న ఎనిమిదింటికి డ్యూటీకి వెళ్తే ఇంటి ఇంటర్నెట్ కూడా డ్యూటీకి వెళ్లినట్టే. సాయంత్రం ఆయన వచ్చేదాకా టాబ్‌లో ముందే దింపుకున్న పాఠం తప్ప ఇంకేమీ నడవదు. వచ్చాక కూడా ఆయన తీరికగా ఉండాలి, ఫోన్లో చార్జింగ్ ఉండాలి, ఆ రోజు కోటా అప్పటికే అయిపోకుండా ఉండాలి. పిల్ల చదువు ఇన్ని షరతుల మీద ఆధారపడాలా?

హాట్‌స్పాట్ పనితీరు గురించి కూడా ఈ సలహాదారులు పూర్తి సంగతి చెప్పరు. ఫోన్ ఒక పక్క టవర్‌తో, మరో పక్క టాబ్‌తో మాట్లాడుతూ ఉండాలి కాబట్టి వేడెక్కుతుంది, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. కాసేపు ఎవరూ వాడకపోతే చాలా ఫోన్లలో హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోతుంది, మళ్లీ ఎవరో ఒకరు ఆన్ చేయాలి. రెండు సిమ్‌ల ఫోన్ అయితే ఇంకో చిక్కు. డేటా ఒక సిమ్ మీద నడుస్తుండగా రెండో సిమ్‌కు కాల్ వస్తే, మాట్లాడుతున్నంతసేపూ డేటా నిలిచిపోయే ఫోన్లు చాలా ఉన్నాయి. ఆన్‌లైన్ క్లాసు సగంలో ఉండగా నాన్నకు ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. "నాన్నా, ఒక్కసారి నెట్ ఇవ్వవా" అని రోజుకు నాలుగుసార్లు అడగాల్సిన పిల్లకు అయిదోసారి అడగబుద్ధి కాదు. ఆ అయిదోసారి తెలుసుకోవాలనుకున్నది తెలుసుకోకుండానే ఉండిపోతుంది. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

అసలు ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చింది? 2010 ఏప్రిల్‌లో ఆపిల్ మొదటి ఐప్యాడ్‌ను అమెరికాలో అమ్మకానికి పెట్టినప్పుడు ముందు వచ్చింది వైఫై రకమే. త్రీజీ రకం ఆ నెలాఖరున వచ్చింది, దాని ధర 130 డాలర్లు ఎక్కువ. పైగా టాబ్‌కు నెలనెలా విడిగా బిల్లు. అక్కడ చాలా ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్, బడిలో వైఫై, గ్రంథాలయంలో వైఫై. ఆ దేశంలో, ఆ ఖర్చుల మధ్య, వైఫై చాలన్న మాట సబబైనదే. దాన్ని మనవాళ్లు ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చారు. మన దగ్గర లెక్క తలకిందులుగా ఉంటుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మొబైల్ డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. తర్వాత రేట్లు పెరిగినా, మనకు ఇంటర్నెట్ అంటే నేటికీ టవర్ నుంచి వచ్చేదే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 లెక్కల్లో దేశంలో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు 90 కోట్లు దాటితే, అందులో తీగ ద్వారా ఇంట్లోకి వచ్చేవి నాలుగు కోట్ల పైచిలుకు మాత్రమే. తీగ లేని దేశంలో తీగ ఉంటేనే పనిచేసే వస్తువు కొనమంటున్నారు!

ఈ పొరపాటు ఒకసారి ప్రభుత్వమే చేసింది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆకాశ్ టాబ్‌ను విడుదల చేశారు. విద్యార్థుల కోసం, ప్రపంచంలోనే అతి చవక టాబ్ అన్నారు. డేటావిండ్ అనే సంస్థ దాన్ని రెండు వేల మూడొందల రూపాయల లోపు ధరకు ప్రభుత్వానికి ఇచ్చింది. మొదటి విడత బిగింపు పని జరిగింది మన హైదరాబాద్‌లోనే. ఏడు అంగుళాల తెర, ఆండ్రాయిడ్, యూఎస్‌బీ అన్నీ ఉన్నాయి. సిమ్ పెట్టుకునే చోటు మాత్రం లేదు, వైఫై ఒక్కటే. 2011లో వైఫై ఉన్న డిగ్రీ కాలేజీ మన జిల్లాల్లో ఎక్కడుంది? వైఫై ఉన్న విద్యార్థి ఇల్లు ఎక్కడుంది? అదే సంస్థ బజారులో డబ్బు పెట్టి కొనేవాళ్ల కోసం తెచ్చిన యూబీస్లేట్‌లో సిమ్ పెట్టుకునే వీలుంచింది. కొనగలిగినవాడికి సిమ్ అవసరమని తెలిసింది, కొనలేని విద్యార్థికి అక్కర్లేదనుకున్నారు. ఆకాశ్ దెబ్బతినడానికి నిదానంగా నడిచే ప్రాసెసర్, వేలితో గట్టిగా నొక్కితే గాని పలకని తెర లాంటి కారణాలు చాలా ఉన్నాయి, నిజమే. కానీ ఇంటర్నెట్ చదువు కోసమని ఇచ్చిన పలకకు ఇంటర్నెట్ దారి మూసేసి ఇవ్వడం అన్నిటికంటే మౌలికమైన లోపం. తర్వాత తొమ్మిదేళ్లకు కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్లలో చెప్పాల్సి వచ్చింది. ప్రతి పిల్లవాడి చేతికీ నెట్ అందదని ప్రభుత్వానికి అప్పటికి అర్థమైంది. సలహాదారులకు ఇంకా అర్థం కాలేదు.

"ఇప్పుడు ఫైబర్ వచ్చేసింది కదా" అంటారు. వచ్చింది, సంతోషం. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలతో మొదలైనప్పుడు అది పెద్ద ముందడుగే. కానీ రౌటర్ కరెంటు మీద బతుకుతుంది. కరెంటు పోయిన మరుక్షణం ఇంట్లో వైఫై పోతుంది. టవర్‌కు బ్యాటరీలు ఉంటాయి, చాలా చోట్ల జనరేటర్ ఉంటుంది. ఎండాకాలం సాయంత్రాల్లో, గాలివాన రాత్రుల్లో ఈ తేడా ఏమిటో పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. పెద్ద తుపానుకు టవర్లూ పడిపోతాయి, హుద్‌హుద్ అప్పుడు విశాఖ అది చూసింది. అలాంటి రోజులు అరుదు, కరెంటు పోయే సాయంత్రాలు అరుదు కావు.

ఊళ్లో దొరికే ఉచిత వైఫై సంగతీ చూద్దాం. రైల్వే స్టేషన్లో రైల్‌టెల్ వైఫై వాడుకోవాలంటే మొబైల్ నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టాలి. మన దేశంలో బహిరంగ వైఫై ఎక్కడైనా ఇంచుమించు ఇదే పద్ధతి. అంటే వైఫై టాబ్ పట్టుకుని స్టేషన్లో కూర్చున్న పిల్లకు అక్కడ కూడా ఇంకొకరి ఫోన్ కావాలి.

ఇక ధర. ఎదుటివారి వాదనలో నిజంగా బరువున్నది ఇదొక్కటే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసిపారేయను. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ వైఫై రకం మన దేశంలో 34,900 రూపాయలకు మొదలైతే, సెల్యులార్ రకం 49,900. పదిహేను వేల తేడా! ఒక మోడెం చిప్, నాలుగు యాంటెన్నాల కోసం అంత తీసుకోవడం అన్యాయమనే నేనూ అంటాను. కానీ ఆ అన్యాయానికి విరుగుడు వైఫై ఐప్యాడ్ కొనడం కాదు, ఒక మెట్టు దిగి సిమ్ ఉన్న ఆండ్రాయిడ్ టాబ్ కొనడం. చవక ఆండ్రాయిడ్ టాబ్‌లలో రెండు రకాలకూ తేడా సాధారణంగా రెండు మూడు వేల దగ్గరే ఉంటుంది. ముప్పై అయిదు వేలు పెట్టగలిగిన తండ్రి ఆ డబ్బుతో సిమ్ టాబ్ కొని, మంచి కవరు వేయించి, ఏడాది రీఛార్జ్ చేయించినా ఇంకా మిగులుతుంది. తెర మెరుపు కొంచెం తగ్గుతుంది, ఆటలు అంత వేగంగా ఆడవు. పాఠం మాత్రం తెరిచినప్పుడల్లా వస్తుంది.

ఇంకో మాట ఎవరూ చెప్పరు. సిమ్ టాబ్ కొన్నంత మాత్రాన నెలనెలా రీఛార్జ్ చేయాలని లేదు. ఇంట్లో వైఫై ఉన్నంతకాలం సిమ్ చోటు ఖాళీగా ఉంచవచ్చు. పరీక్షల నెలలో, ఊరెళ్లినప్పుడు, హాస్టల్లో చేరినప్పుడు సిమ్ వేసుకోవచ్చు. వైఫై టాబ్‌లో మాత్రం తర్వాత మనసు మారినా ఏమీ చేయలేం. దానికి సిమ్ బిగించే మెకానిక్ ఏ ఊళ్లోనూ లేడు. పాకెట్ రౌటర్ కొనవచ్చంటారు. దానికి విడిగా సిమ్, విడిగా చార్జింగ్, పారేసుకోవడానికి ఇంకో వస్తువు. టాబ్ నాలుగైదేళ్లు వాడే సరుకు. ఇవాళ్టి ఏడో తరగతి పిల్ల అప్పటికి ఇంటర్ హాస్టల్లో ఉంటుంది. హాస్టల్ వైఫైని, నాన్న హాట్‌స్పాట్‌ని నమ్ముకుని ఇవాళ టాబ్ కొనవచ్చా?

"సిమ్ ఇస్తే పిల్లలు చెడిపోతారు" అనేవాళ్లున్నారు. వైఫైలో చెడని పిల్లవాడు సిమ్‌తో చెడడు. అదుపు కావాలంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటివి ఉన్నాయి, రోజుకు ఇంతేనని డేటా పరిమితి ఉన్న ప్లాన్లున్నాయి. పైగా పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు సిమ్ ఇవ్వరు. అది అమ్మ పేరునో నాన్న పేరునో ఉంటుంది. మనిషికి తొమ్మిది సిమ్‌ల దాకా అనుమతి ఉంది కాబట్టి అదీ ఇబ్బంది కాదు.

బయట తిరిగి పనిచేసేవాళ్ల దగ్గర ఈ చర్చే అక్కర్లేదు. 2016లో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎంల కోసం అన్‌మోల్ యాప్‌ను టాబ్‌లలో మొదట ప్రవేశపెట్టింది ఆంధ్రప్రదేశ్‌లోనే. సిగ్నల్ లేని చోట కూడా వివరాలు రాసుకుని, దొరికిన చోట పైకి పంపేలా దాన్ని తయారుచేశారు. గర్భిణి ఇంటి ముందు వైఫై పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడే ఏఎన్ఎంను ఎవరైనా ఊహించగలరా?

సిమ్ ఉందంటే ఫోన్ పనులన్నీ చేస్తుందని మాత్రం అనుకోకండి. ఐప్యాడ్‌లో సిమ్ డేటాకే. మామూలు కాల్, ఓటీపీ మెసేజ్ రావు. ఆండ్రాయిడ్ సిమ్ టాబ్‌లలో కొన్ని కాల్స్ కూడా చేస్తాయి, కొన్ని చేయవు, కొనేముందు అడగాలి. దారి చూపే జీపీఎస్ ఐప్యాడ్‌లలో సెల్యులార్ రకానికే ఉంది, వైఫై రకానికి లేదు. కారులో పెట్టుకుని దారి వెతుక్కోవచ్చని వైఫై ఐప్యాడ్ కొన్నవాళ్లకు ఈ సంగతి దారి మధ్యలో తెలుస్తుంది.

చివరగా అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు ఒక మాట. సెలవులకు వస్తూ అమ్మానాన్నల కోసం ఐప్యాడ్ తెస్తారు, దాదాపు ఎప్పుడూ వైఫైదే. అక్కడి తమ ఇంటి అలవాటు ప్రకారం అది సరిపోతుందనిపిస్తుంది. మీరున్న మూడు వారాలూ మీ హాట్‌స్పాట్ మీద అది చక్కగా నడుస్తుంది. మీరు విమానం ఎక్కిన రోజున ఆగి, బీరువాలోకి చేరుతుంది. తేదలచుకుంటే సెల్యులార్‌ది తెండి. టెలికాం కంపెనీ వాయిదాల మీద ఇచ్చేది కాకుండా, ఏ నెట్‌వర్క్‌కూ లాక్ కానిది తీసుకోండి. 2024 తర్వాత వచ్చిన ఐప్యాడ్ ప్రో, ఎయిర్‌లలోనూ, 2025 మామూలు ఐప్యాడ్‌లోనూ ప్లాస్టిక్ సిమ్‌కు చోటు లేదు, ఈసిమ్ ఒక్కటే. కాబట్టి వచ్చిన మొదటి వారంలోనే అమ్మ ఆధార్ పట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని, ఇంట్లో సిగ్నల్ బాగా అందే కంపెనీ దుకాణానికి వెళ్లి ఈసిమ్ వేయించండి. తర్వాత మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆపేసి, ఇంటి వెనక గదిలో కూడా వీడియో కాల్ తెగకుండా వస్తోందో లేదో మీరుండగానే చూసుకోండి. రాకపోతే కంపెనీ మార్చడానికి అప్పటికి మీకింకా రెండు వారాలుంటాయి.